రెండు రంగుల కుట్టు

ముడత పడింది, మళ్ళీ పడింది, పడదా మరి, ఇంత పొడుగు బ్యానరు ఒక్కడే కుడితే ఇంతే, ముందునుంచి ఒకరు తోస్తుంటే మిషను వెనకనుంచి ఒకరు లాగాలి, ఆ లాగే చెయ్యి బావది, టైలరు కుట్టు విప్పుతూ టీవీ వంక చూశాడు, ఎన్నికల్లో ఎవరికీ మెజారిటీ రాలేదట, రెండు పార్టీలూ కలిసి ప్రభుత్వం పెడుతున్నాయట, మొన్నటిదాకా దొంగా దొంగా అని తిట్టుకున్న పెద్దమనుషులిద్దరూ కావలించుకుంటున్నారు, ప్రమాణ స్వీకారానికి ఊదా గుడ్డా తెల్ల గుడ్డా కలిపి ఒకే బ్యానరు కావాలట, ఊదా తన పార్టీ, తెలుపు బావ పార్టీ, ఈ తెల్ల గుడ్డ తాను కూడా బావ కొట్లోదే, తమ పార్టీ వార్డు నాయకుడు పొద్దున్నే మోసుకొచ్చి పడేశాడు, తెలుపు ఇక్కడ కుట్టొద్దని ఎన్నికలప్పుడు బావతో తనే కదా అన్నాడు, మా రంగు కోసే కత్తెరతో మీది కొయ్యకు బావా అన్నాడు, బావ నవ్వాడు, వేళాకోళమనుకున్నాడు పాపం, బావమరిదికి ఎన్నికల జ్వరం పట్టింది, పోలింగు అయితే అదే దిగుతుందిలే అన్నాడు, మర్నాడు నవ్వు మానేసి తన మిషను ఎత్తుకుని వీధి చివర వేరే కొట్టు పెట్టుకున్నాడు.

ఆ ఎన్నికల జ్వరం దిగేలోపే బావ పోయాడు, గుండె పట్టేసి మిషను మీదే వాలిపోయాడట, కబురు తెచ్చిన వార్డు నాయకుడే చెవిలో ఊదాడు, పోలింగు ముందు ఆ గుమ్మం తొక్కితే పార్టీ మారావంటారు, అయ్యాక వెళ్ళొచ్చులే, తను తలూపాడు, ఛీ, ఎలా ఊగింది ఆ తల, తోడబుట్టిన అక్క మొగుడు పోతే షట్టరు సగం దించుకుని జెండాలకు అంచులు కుట్టాడు, శవం కొట్టు ముందునుంచే వెళ్ళింది, కాళ్ళు మిషను తొక్కుతూనే ఉన్నాయి, ఇప్పుడా వార్డు నాయకుడి మెడలో రెండు రంగుల కండువాలూ ఉన్నాయి.

గుమ్మంలో నీడ పడింది, అక్క, ఎంత చిక్కిపోయింది, రా అక్కా అంటూ స్టూలు మీది గుడ్డలు తీశాడు, నీకోసం రాలేదురా అంది, ఆయన కొన్న గుడ్డ ముడతలు పడి నలుగురిలో వేలాడకూడదని వచ్చాను, కానివ్వు, అని మిషను వెనక్కి వెళ్ళి నిలబడింది, సాగకుండా, వదులు కాకుండా లాగుతోంది, అచ్చం బావలాగే, ఆయన దగ్గరే నేర్చుకుని ఉంటుంది, కుట్టు తిన్నగా పడుతోంది, తెలుపూ ఊదా ఎంత తేలిగ్గా అతుక్కుపోతున్నాయో, అక్క ఒక్కసారీ తలెత్తదు, క్షమించమని అడగాలి, ఏ ముఖం పెట్టుకుని, టీవీలో వాళ్ళిద్దరూ చేతులు కలిపి పైకెత్తారు, వాళ్ళకు ఇదంతా ఎన్నిక, అయిపోయింది, కలిసిపోయారు, తనూ కలిసిపోయేవాడే, వీధి చివరిదాకా నడిస్తే చాలు, అంతే, బావ ఎదురుచూసే ఉంటాడు, జ్వరం దిగిందా బావమరిదీ అనేవాడు, ఇప్పుడు దిగింది, చెప్పడానికి ఆ కొట్లో బావ లేడు.