చేతిలో పెట్టిన చెయ్యి

జడ సగంలో ఉండగానే నెడ్రా చేతులు లాగేశాయి. నడుం దాటిన జుట్టు. ఆ ఊళ్ళో ఆడదాని తలకి కత్తెర తగలకూడదు. ముందు ఎత్తుగా దువ్వి, వెనక నాలుగు పాయలు తీసి అల్లి, తల చుట్టూ తిప్పి పిన్నులు గుచ్చాలి. ఎవరిది వాళ్ళు వేసుకోగలిగే జడ కాదది, వెనక ఇంకో ఆడమనిషి నిలబడాల్సిందే. తొమ్మిదేళ్ళుగా నెడ్రా వెనక థోరా నిలబడింది. ఇప్పుడు లేదు. నెడ్రా మూడు పాయలతో సరిపెట్టుకుని, వంకరగా వచ్చినదాన్ని అలాగే ముడేసి, పొయ్యి మీద జావ మాడుతున్న వాసనకి పరిగెత్తింది.

"ఇల్లంతా నీదే కదా ఇప్పుడు," అన్నాడు ఆమె మొగుడు డెల్మర్, గిన్నెలో నల్లటి పెచ్చుల్ని చెంచాతో పక్కకి తోస్తూ. "వాటాకొచ్చేవాళ్ళు లేరు, వంతులు లేవు. అయినా జావ మాడుతూనే ఉంది."

నెడ్రా పిల్లల గిన్నెల్లో మాడనిది వేసి, తన గిన్నెలో అడుగంటింది గీకి వేసుకుంది.

థోరా ఆమెకి సవతి. ఆ ఎర్రకొండల కింద ఊళ్ళో ఆ మాట ఎవరూ వాడరు. అక్కా అంటారు, చెల్లీ అంటారు. మగవాడికి ఒకరి కన్నా ఎక్కువమంది భార్యలుంటేనే పరలోకంలో పై మెట్టు దొరుకుతుందని అక్కడి నమ్మకం. అది నేరమని రాష్ట్ర ప్రభుత్వం నమ్మకం. ఆ వేసవిలో ఓ తెల్లవారుజామున పోలీసులు కార్లేసుకొచ్చి ఊరి చుట్టూ నిలబడ్డారు. మగవాళ్ళని జైలుకి తీసుకెళ్ళారు. ఆడవాళ్ళని, పిల్లల్ని బస్సులెక్కించి పట్నం తీసుకెళ్ళారు.

బస్సులెక్కించే ముందు బడి ఆవరణలో తల్లుల్ని వరసగా నిలబెట్టి, ఏ పిల్లలు ఎవరివాళ్ళో రాసుకున్నారు. ఆ ఊరి పిల్లలకి తండ్రి భార్యలందరూ అమ్మలే. థోరాకి ఒక్కతే కూతురు, మెర్లీ. ఆ పిల్ల అప్పుడు నెడ్రా భుజం మీద నిద్రపోతోంది. "మీ అమ్మ ఎవరు పాపా?" అని లేపి అడిగితే నెడ్రా మెడ చుట్టూ చేతులు బిగించి "అమ్మ" అంది. అబద్ధం కాదు. థోరాకి పాలు పడకపోతే దాన్ని పాలిచ్చి పెంచింది నెడ్రాయే. పోలీసు నెడ్రా పేరు కింద రాసేసుకున్నాడు. నెడ్రా తలెత్తి చూసింది. వరసలో అవతల థోరా నోరు తెరిచింది, మళ్ళీ మూసేసింది. తల మెల్లగా అడ్డంగా ఊపింది. చెప్పకక్కా అని.

అంత గందరగోళంలో ఆ తెలివి థోరాకి ఎక్కణ్ణుంచి వచ్చిందో! నెడ్రా పిల్లగా ఉంటేనే మెర్లీ ఇంటికి చేరుతుందని అనుకున్నట్టే జరిగింది. చట్టం లెక్కలో పెళ్ళి నెడ్రాది ఒక్కదానిదే. డెల్మర్ ఇకపై మొదటి భార్యతోనే కాపురం చేస్తానని జడ్జి ముందు ప్రమాణం చేసి జైలు నుంచి బయటపడ్డాడు. థోరా డెల్మర్ ఇంటి కప్పు కింద ఉండకూడదని జడ్జి తీర్పిచ్చాడు. నెడ్రా తన ఇద్దరు కూతుళ్ళతో, వాళ్ళతో పాటు మెర్లీతో, ఊరికి తిరిగొచ్చింది. థోరా పట్నంలో మిగిలిపోయింది.

కొత్త భార్య చేతిని భర్త చేతిలో పెట్టాల్సింది మొదటి భార్యే. అది అక్కడి పద్ధతి. ఆమె ఇష్టపడి ఇచ్చిందని దేవుడికి తెలియాలట. ఇష్టం లేకపోతే? లేకపోయినా పెళ్ళి ఆగదు, చెడ్డపేరు మాత్రం ఆమెకి వస్తుంది. తొమ్మిదేళ్ళ కిందట నెడ్రా ఆ పని చేసింది. పందొమ్మిదేళ్ళ పిల్ల చెయ్యి, చెమట పట్టి, చల్లగా ఉంది. పట్టుకున్న చేతిని వదలడానికి ఒక్క క్షణం మనసొప్పలేదు నెడ్రాకి. అది అసూయే అనుకుంది. ఇంటికొచ్చి మూడు గదుల నేల తోమి, తోమిన నేలనే మళ్ళీ తోమి, ఏడ్చింది. డెల్మర్ తనకి ఒక్కదానికే కావాలి. అంతకన్నా ఏమీ అడగలేదు దేవుణ్ణి.

మర్నాడు పొద్దున్నే ఆ పిల్ల వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఎటు నడవాలో, ఏది ముట్టుకోవచ్చో తెలియదు.

"అక్కా, నీ జడ నేను వెయ్యనా?"

చెంప పగలగొట్టాలనిపించింది నెడ్రాకి. బదులు కుర్చీ లాక్కుని కూర్చుంది. తలలో ఆ వేళ్ళు తిరుగుతుంటే కళ్ళనీళ్ళు కారిపోయాయి.

"నొప్పెట్టిందా అక్కా?"

"ఊఁ."

"ఇంకాస్త వదులుగా అల్లుతాలే."

నొప్పెట్టిందా అన్న మాట డెల్మర్ అంతకు ముందూ అడగలేదు, ఆ తర్వాతా అడగలేదు.

ఇక ఆ ఇంటి పని ఇద్దరి పని అయింది. దుప్పట్లు ఉతికితే చెరో కొసా పట్టుకుని చెరో వైపూ మెలి తిప్పేవాళ్ళు. పీచ్ పళ్ళ కాలంలో ఒకరు మరిగే నీళ్ళలో ముంచి తీస్తే ఇంకొకరు తోలు వలిచేవాళ్ళు. "ఇవాళ గురక ఎవరి వంతు?" అనేది థోరా. "నాదే తల్లీ, నువ్వు హాయిగా పడుకో," అనేది నెడ్రా. ఇద్దరూ ఏప్రన్ కొసలు నోట్లో కుక్కుకుని నవ్వుకునేవాళ్ళు. మొగుణ్ణి పంచుకున్నామని ఊరు అనుకునేది. నిజానికి వాళ్ళు పంచుకున్నది మొగుడు పెట్టే చాకిరీని. ఆ చాకిరీ మధ్యలో, ఎప్పుడో, ఎలాగో, ఒకరికొకరు దొరికారు.

ఇప్పుడు నెడ్రా దుప్పటి ఒక కొసని బోరింగు పిడికి కట్టి రెండో కొసని తనే తిప్పుతోంది. నీళ్ళు సగం పోతాయి, సగం దుప్పట్లోనే ఉంటాయి. అడిగినదల్లా ఇచ్చాడు దేవుడు. డెల్మర్ ప్రతి రోజూ తన ఇంట్లోనే, తన మంచం మీదే. వరం ఇవ్వడానికి తొమ్మిదేళ్ళు ఆలస్యం చేశాడు, అంతే. థోరా కావాలి ఆమెకి. వెనక ఆ అడుగుల చప్పుడు కావాలి. మెడ మీద ఆ వేళ్ళు కావాలి. రొట్టె పిండి పిసుకుతూ ఏదో చెప్పబోయి తల తిప్పితే, అక్కడ గోడే ఉంటోంది. మెర్లీ పడుకునే ముందు అడుగుతుంది, "ఇంకో అమ్మ ఎప్పుడొస్తుంది?" అని. మొగుడి కోసం బెంగపడే ఆడదానికి చెప్పడానికి ఆ ఊళ్ళో పాటలున్నాయి, ప్రార్థనలున్నాయి. సవతి కోసం బెంగపడేదానికి ఏం చెప్పాలో ఎవరికీ తెలియదు.

అత్తగారు ఆర్డిస్‌కి మాత్రం తెలుసు. "అప్పుడు వాటా వద్దని ఏడ్చావు, ఇప్పుడు వాటా లేదని ఏడుస్తున్నావు. నీ ఏడుపుకి ఓ వేళా పాళా లేదుటే?" అంది, బఠాణీలు ఒలుస్తూ.

ఆదివారం ప్రార్థన అయ్యాక మగవాళ్ళు వసారాలో కూర్చుని ప్రభుత్వాన్ని తిట్టారు. మన విశ్వాసం మీద చెయ్యి వేశారన్నారు. ఎవరి దేవుణ్ణి వాళ్ళు కొలుచుకునే స్వేచ్ఛ ఈ దేశంలో లేదా అన్నారు. లోపల వాళ్ళకి రొట్టెలు కోస్తున్న నెడ్రా, నిజమే అనుకుంది. పిల్లల్ని తల్లుల ఒళ్ళోంచి లాక్కుని బస్సులెక్కించిన వాళ్ళని ఆమె చచ్చినా క్షమించదు. కానీ ఆ విశ్వాసంలో తనకీ వాటా ఉందిగా! దేవుడి ముందు థోరా చెయ్యి పట్టుకుని తెచ్చింది తను. ఆ రోజు ప్రమాణం చేసింది డెల్మర్ ఒక్కడేనా? తను కాదా? వసారాలో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. పట్నంలో జడ్జీ ఎత్తలేదు. డెల్మర్ మాత్రం ఇంకాస్త వెన్న తెమ్మని కేకేశాడు.

ఆ వారమే సంక్షేమ శాఖ నుంచి మిసెస్ హాల్వర్సన్ వచ్చింది, ఇల్లు ఎలా ఉందో చూడ్డానికి. చెడ్డ మనిషి కాదు. టోపీ ఒళ్ళో పెట్టుకుని, పిల్లల్ని పేరుపేరునా పలకరించింది.

"ఈ చిన్నపాపకి మీ పోలిక రాలేదే?"

"మా అత్తయ్య పోలిక," అంది నెడ్రా.

మూలన ఆర్డిస్ బఠాణీలు ఒలవడం ఆపి, కోడలి వైపు ఓ చూపు చూసి, "నా ముక్కే," అంది. ఆ ముసలామె నోట ఎవరైనా విన్న అబద్ధం అదొక్కటే.

"మొత్తానికి మీ ఆయన మీకు దక్కాడు. సంతోషం కదండీ," అంది మిసెస్ హాల్వర్సన్.

నెడ్రా చేతులు తుడుచుకుంది. "థోరా ఎలా ఉందండీ?"

ఆ ప్రశ్న ఆమె ఊహించలేదు. "హోటల్ లాండ్రీలో పని చేస్తోంది. బేకరీ వెనక రెండు గదుల్లో ఒక్కతే ఉంటోంది. బాగా చిక్కిపోయింది. ఎవరైనా తోడుంటే తేరుకునేది."

"తోడుంటే జడ్జిగారు ఊరుకుంటారా?"

"ఆయన చెప్పింది మీ ఆయన కప్పు కింద ఉండకూడదనే. ఇంకో ఆడమనిషి తోడుంటే చట్టానికేం పనమ్మా?" అంటూ ఆమె టోపీ పెట్టుకుని లేచింది. ఆ మాట అక్కడే వదిలేసి పోయింది. నెడ్రా దాన్ని పొయ్యిలో నిప్పులా కప్పెట్టి దాచుకుంది.

మరో రెండు రోజులకి డెల్మర్ భోజనాల దగ్గర గొంతు సవరించుకున్నాడు. "పెద్దలు ఒకటి అనుకున్నారు. థోరా ఇక ఈ ఇంటికి రాలేదు. ఆడది అలా గాలికి ఉండకూడదు. కొండల అవతల ఎమ్రీ ఉన్నాడుగా, వాళ్ళ ఊరి వైపు పోలీసుల కన్ను లేదు. అతనికిచ్చి చేస్తున్నాం."

ఎమ్రీకి మనవలకే పెళ్ళిళ్ళయ్యాయి. నెడ్రా గరిటె కింద పెట్టింది.

"థోరాని అడిగారా?"

"అడగడమేంటి?"

"మిమ్మల్ని అడిగారా?"

"అడిగారు. సరే అన్నాను. నాకు మాత్రం బాధ లేదనుకున్నావా? విశ్వాసం కోసం ఎవరో ఒకరు త్యాగం చెయ్యాలి."

అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది. "అది జడ వేసింది నాకు, మీకు కాదు," అనబోయి నెడ్రా మింగేసింది.

"నేను పట్నంలో దాని గుమ్మం తొక్కితే జైల్లో పెడతారు. నువ్వే వెళ్ళి తీసుకురావాలి," అన్నాడు డెల్మర్. "ఎలాగూ ఎమ్రీ చేతిలో చెయ్యి పెట్టాల్సింది కూడా నువ్వే. ఆ రోజు నాకిచ్చింది నువ్వేగా. ఇచ్చినవాళ్ళే తీసుకుని మళ్ళీ ఇవ్వాలన్నారు పెద్దలు."

"ఇచ్చినవాళ్ళే తీసుకోవాలా?"

"అవును. అదే పద్ధతి."

నెడ్రా గరిటె మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "సరే. వెళ్తాను," అంది. పెళ్ళయ్యాక మొగుడి మాట అంత మనస్ఫూర్తిగా ఆమె ఎప్పుడూ వినలేదు.

పాల లారీ పట్నం వెళ్ళే పొద్దున, నెడ్రా ముగ్గురు పిల్లలకీ ఉన్న బట్టలన్నీ ఒకదాని మీద ఒకటి తొడిగింది. పీచ్ పళ్ళ సీసాలు పెట్టెలో సర్దింది. బైబిలు పెట్టింది. దువ్వెన పెట్టింది.

"పిల్లలెందుకే?" అంది ఆర్డిస్ గుమ్మంలోంచి.

"థోరాని చూస్తారని అత్తయ్యా."

"ఇన్ని సీసాలెందుకు?"

నెడ్రా పెట్టె మూత బిగించింది. ముసలామె పిల్లల వైపు చూసింది, ఉబ్బిన కోట్ల వైపు చూసింది. ఆమె కూడా ఒకప్పుడు ఆ ఇంటికి నాలుగో భార్యగా వచ్చింది. లోపలికి వెళ్ళి తన ఉన్ని శాలువా తెచ్చి మెర్లీ మెడ చుట్టూ చుట్టింది. "పట్నంలో చలెక్కువ. డెల్మర్ జావ నేను కాస్తాలే. మాడినా తింటాడు," అంది.

బేకరీ వెనక సందులో రొట్టె వాసన, సబ్బు వాసన కలిసి వస్తున్నాయి. తలుపు తీసిన థోరా చేతులు లాండ్రీ నీళ్ళకి నాని ఎర్రగా పొరలు లేచి ఉన్నాయి. మెర్లీ "ఇంకో అమ్మా!" అని కాళ్ళని చుట్టేసుకుంది. థోరా కింద కూలబడి ఆ పిల్ల శాలువాలో మొహం దాచుకుని చాలాసేపు లేవలేదు. లేచాక నెడ్రాని చూసింది. ఆదివారం గౌను, కడిగిన చేతులు, కొత్త పెళ్ళికి చెయ్యి పెట్టే రోజు వేషం. ఆ ఊళ్ళో పుట్టిన పిల్లకి ఆ వేషం అర్థం కాకుండా ఉంటుందా?

"ఎవరికిమ్మన్నారక్కా నన్ను?"

"ఎమ్రీకి."

థోరా అలవాటున కుడి చెయ్యి ముందుకు చాపింది. తొమ్మిదేళ్ళ కిందటిలాగే ఆ చెయ్యి చల్లగా ఉంది. నెడ్రా దాన్ని రెండు చేతులతో పట్టుకుంది. ఈసారి వదలలేదు.

"ఈ ఇంటి కప్పు ఎవరిదే?"

"బేకరీ ముసలమ్మది. ఎందుకక్కా?"

"డెల్మర్‌ది కాదుగా?"

"కాదు."

"ఎమ్రీదీ కాదు," అంది నెడ్రా. పీచ్ పళ్ళ పెట్టె లోపలికి లాగి, కాలితో తలుపు మూసింది. గదిలో ఉన్న ఒక్క కుర్చీనీ కిటికీ దగ్గరికి జరుపుకుని, అటు తిరిగి కూర్చుని, పిన్నులు ఒక్కొక్కటే ఊడదీసి ఒళ్ళో వేసుకుంది.

"ముందు జడ వెయ్యి," అంది. "నా చేతులు లాగేస్తున్నాయి."