వెనక్కి చూడొద్దన్న మాట

"కన్నపిల్లకేసి ఒక్కసారైనా తిరిగి చూడలేదండీ. అది తల్లి కాదు, బండరాయి" అని పక్కవాటా ఛాయాదేవి మంజీరా నల్లా దగ్గర నీళ్లు పట్టుకునే చోట నలుగురితో అన్నదట. ఆ మాటను ఇస్త్రీబండి ఉప్పలయ్య పొద్దున్నే శ్యామలమ్మ చెవిన వేశాడు.

"కోర్టుల గూడ గదే చెప్తదంట అక్కా. నీకు మంచి సాక్షి దొరికింది."

సంతోషపడాల్సిన మాటే. కానీ శ్యామలమ్మకు మింగుడుపడలేదు.

"నీ పెట్టె సూస్కో, పిల్ల గౌను మాడుతది" అని మాత్రం అంది.

ఛాయాదేవి చెప్పింది అబద్ధం కాదు. కోడలు దీప ఆ రోజు నిజంగానే తిరిగి చూడలేదు.

ఏడాదిన్నర కింద ఉప్పల్ చౌరస్తాలో లారీ కింద పడి శ్యామలమ్మ కొడుకు రమేష్ పోయాడు. పదకొండో రోజు కర్మ అయ్యాక దీపను నిద్రకు తీసుకుపోవడానికి వాళ్ల అన్న వచ్చాడు. మొగుడు పోయిన మనిషి పుట్టింట్లో నిద్ర చెయ్యాలి, అమావాస్య దాటేదాకా ఈ గడప తొక్కకూడదు, చిన్నపిల్లను వెంట తీసుకుపోకూడదు. ఇవన్నీ శ్యామలమ్మ తన అత్త దగ్గర విన్నవే. విన్నవి విన్నట్టు కోడలికి అప్పజెప్పింది. దీప కూతురు, నాలుగేళ్ల ఆమని చాప మీద ఒళ్లు తెలియకుండా నిద్రపోతోంది. దీప దాని మీదికి వంగబోతుంటే భుజం పట్టి ఆపింది కూడా ఆమే.

"లేపకు బిడ్డా. ఎనకకు మల్లి సూడకుంట పో. సూస్తే పోరికి మంచిది గాదు."

మొగుణ్ని మింగిందన్న మాట అప్పటికే నాలుగు నోళ్లలో పడ్డ మనిషి. బిడ్డకు కీడు అంటే ఇంకెలా తిరుగుతుంది? మెడ బిగబట్టుకుని గేటు దాటింది, అన్న బండెక్కింది.

పంతొమ్మిది రోజులకు తిరిగొచ్చేసరికి గేటుకు లోపలి నుంచి తాళం వేసి ఉంది. వేసింది మామ కొమురెల్లి. నాచారం ఫ్యాక్టరీల్లో ముప్పై ఏళ్లు లేత్ మిషన్ మీద ఇనుమును చెక్కిన మనిషి. కొడుకు పోయాక ఆ ఇంట్లో ఆ పిల్ల మాటలు తప్ప ఆయన చెవికి ఏమీ ఎక్కేవి కావు.

"నా కొడుకు బిడ్డ నా ఇంట్లనే ఉంటది" అన్నాడు. తర్వాత వకీలును పట్టుకున్నాడు. తల్లి వదిలేసి పోయింది, పిల్ల బాధ్యత మాకే అప్పగించండి అని కోర్టులో దావా వేశాడు.

తాళంచెవి ఏ గూట్లో ఉందో శ్యామలమ్మకు తెలుసు. తియ్యలేదు. పిల్ల తన కొంగు పట్టుకుని నిలబడింది, ఆ పూటకు అదే చాలనిపించింది.

ఇవాళ కోర్టు వాయిదా. ముగ్గురూ ఎక్కిన ఆటో మౌలాలి కమాన్ దాటింది.

"కౌన్సెలింగ్ మేడం అడిగితే ఏం చెప్తవ్?" అన్నాడు కొమురెల్లి.

"ఇడిసిపెట్టి పోయిందని చెప్త."

"తనంతల తానే పోయిందని చెప్పాలె. గదే ముఖ్యమన్నడు వకీలు సాబ్."

మధ్యలో కూర్చున్న ఆమని తలెత్తింది. "ఎవరు పోయిన్రు నాయనమ్మా?"

ఇద్దరూ చెరో పక్క రోడ్డు చూశారు. కొమురెల్లి మనవరాలి తల నిమిరాడు.

"ఆడ మీ అమ్మ ఉంటది. ఆమె దిక్కు సూడకు బిడ్డా. సూస్తే నాయనమ్మ ఏడుస్తది."

మల్కాజిగిరి కోర్టులో కౌన్సెలర్ ఉదయశ్రీ గదిలో దీప ముందే వచ్చి కూర్చుంది. మందుల కంపెనీలో ప్యాకింగ్ పని, నెలకు పద్నాలుగు వేలు. వాయిదాకు వచ్చిన ప్రతిసారీ ఒక రోజు జీతం కోత. ఒళ్లో చిన్న టిఫిన్ డబ్బా పెట్టుకుని, మూత మీద రెండు చేతులూ ఆనించి ఉంది.

"పిల్ల ముందు వద్దు" అని ఉదయశ్రీ ఆమనిని ఆయమ్మతో బయటికి పంపించింది. తలుపు దాకా పోవాలంటే దీప పక్క నుంచే పోవాలి. ఆమని మెడ బిగబట్టుకుంది. కళ్లు తలుపు మీదే పెట్టి తల్లి మోకాళ్లకు తగిలీ తగలకుండా దాటిపోయింది.

ఆ బిగిసిన మెడను శ్యామలమ్మ ఇదివరకు ఒకసారి చూసింది.

"తల్లి తనంతట తానే, తిరిగి చూడకుండా వెళ్లిపోయిందని రాశారు" అంటూ ఉదయశ్రీ కాగితం తిప్పింది. "నువ్వేమంటావమ్మా దీపా?"

"సూడలేదు మేడం" అంది దీప. "ఎందుకు సూడలేదో అత్తమ్మనడుగున్రి."

కౌన్సెలర్ శ్యామలమ్మ వైపు తిరిగింది. చెబితే పిల్ల పోతుంది, ఊరుకుంటే ఉంటుంది. ఉంటే, రేపు కూడా అట్లాగే మెడ బిగబట్టుకుని ఉంటుంది. కొమురెల్లి మోచేత్తో పొడిచాడు.

"నేనే సూడొద్దన్న మేడం. లేపొద్దని గూడ నేనే అన్న. అమాస దాటేదాక రావొద్దని గూడ."

కొమురెల్లి కుర్చీ వెనక్కి జరిగింది.

"ఏం మాట్లాడుతున్నవే? పిల్ల పోతది, ఎరుకేనా నీకు?"

"ఎరుకే. గిప్పుడు పోరి గూడ తల్లి దిక్కు సూడకుంటనే పోయింది. గది నేర్పిందెవరు?"