పెరుగుతున్న తల

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను గొర్రెతోలు టోపీలో పెట్టి, గుడారం తడికకు తగిలించి, మిగిలిన రోజులు అక్కడే గడిపించడం జూరా అత్తగారి కాలం నాటి కిర్గిజ్ పద్ధతి. ఇప్పుడా పని నారిన్ ఆసుపత్రిలో గాజుపెట్టె చేస్తోంది. దానికి పొగరెక్కువ, మనవణ్ణి ముట్టుకోనివ్వదు అని జూరా సణిగేది. ఏదైతేనేం, పచ్చిగా పుట్టాడు, పండితే చాలనుకుంది.

పుట్టిన రెండు రోజులకే తలలో నెత్తురు చిమ్మిందని డాక్టరు గుల్బర్చిన్ చెప్పింది. తలలో నీరు చేరితే నడుములో సూది గుచ్చి దాన్ని తీయాల్సి రావచ్చంది.

"పచ్చిపిల్లాడికి సూదేమిటి, వద్దు" అని జూరా కొట్టిపారేసింది. కోడలు నుర్జాత్ ఆమె మాట దాటలేదు. కొడుకు కొండమీద మందతో ఉన్నాడు, ఫోను అందదు.

మొన్న సరిపోయిన అల్లిక టోపీ ఇవాళ పిల్లాడి తలకు పట్టలేదు. జూరా మొహం వెలిగిపోయింది. పసివాణ్ణి పొగిడితే దిష్టి అని తెలిసీ నోరాగలేదు.

"చూశావుటే, బుర్ర పెరుగుతోంది! ఒంటికన్నా ముందు తెలివి పుట్టుకొచ్చింది వెధవకి."

డాక్టరు తల చుట్టూ టేపు పెట్టి కొలిచింది. నవ్వలేదు.

"పెరిగేది బుర్ర కాదు పెద్దమ్మా, నీళ్లు. కడుపులో ఉన్నప్పుడు మెదడు లోపల కొత్త కణాలు పుట్టే చోటొకటి ఉంటుంది. అక్కడి రక్తనాళాలు మరీ పల్చన. నెలలు నిండేసరికి ఆ చోటు తన పని ముగించుకుంటుంది. వీడు ముందే వచ్చేశాడు, అవి చిట్లాయి. ఆ నెత్తురు గడ్డకట్టి, మెదడులో ఊరే నీరు ఇంకిపోయే దారి మూసేసింది."

"నా దిష్టే తగిలిందంటావా?"

"మీరు పొగిడింది ఇవాళ. నెత్తురు పడింది పోయిన వారం."

"సూది పెడితే మామూలు పిల్లాడవుతాడా?"

"చెప్పలేను. కొందరు అందరిలాగే బడికెళ్తారు. కొందరికి కాళ్లు బిగుసుకుపోయి నడక రాదు. నీరు తీయకపోతే మాత్రం ఉన్న మెదడునీ నొక్కేస్తుంది."

నుర్జాత్ అత్త వంక చూసింది. ఇన్నాళ్లూ కన్నతల్లిని ఒక్క మాటైనా అడగలేదని జూరాకు అప్పుడు తట్టింది. సిగ్గుతో చచ్చిపోయింది.

"నన్ను చూస్తావేం? కన్నదానివి నువ్వు. చెప్పు."

"పెట్టిద్దాం అత్తయ్యా. మొదట్నుంచీ నా మనసులో అదే ఉంది. కానీ రేపు నడవలేకపోతే, ఆ కొండల్లో..."

"నడవకపోతే గుర్రమెక్కుతాడు. మన కొండల్లో నడిచేదెవరే?" అంటూనే జూరా భోరుమంది.