ఎడమకాలికి పని లేదు

ముప్పై ఏళ్లు బస్సు తోలి రిటైరైన పెద్దాయనకి ఆ ఉదయం పరీక్ష పెట్టింది కన్నకూతురే. ఆమె కుడికాలికి కట్టు పడింది. నెల దాకా కారు నడపకూడదు. ఆఫీసులో ఎవరు దింపాలి? "నేను లేనా?" అన్నాడు తండ్రి. ఆ ఆటోమేటిక్ కారు ఆయనకి లొంగకపోతే జీతమిచ్చి డ్రైవరును పెడదామన్నాడు అల్లుడు. ఎవడో వచ్చి తన కూతుర్ని ఎక్కించుకుపోతుంటే తను గుమ్మంలో నిలబడి చూడాలా? పెద్దాయనకి తల కొట్టేసినట్టయింది.

"దీనికి క్లచ్ ఉండదు నాన్నా. డీలో పెట్టి బ్రేకు వదిలితే అదే కదులుతుంది. గేర్లు కూడా అదే మార్చుకుంటుంది."

"అన్నీ అదే చేసుకుంటే ఇంక నేనెందుకే?"

కారు సందు దాటి వేగం అందుకుంది. ఇంజను గొంతు మారగానే పెద్దాయన ఎడమకాలు ఊరుకుంటేగా! లేని క్లచ్ కోసం వెళ్లి బ్రేకును బలంగా తొక్కేసింది. కూతురు సీటు బెల్టుకు వేలాడింది. వెనకవాడు తిట్టాల్సినవన్నీ హారన్‌తోనే తిట్టాడు. కాసేపటికి మళ్లీ అదే వరస. పెద్దాయనకి ఒళ్లు మండి, ఆ కాలిని మడిచి దానిమీదే కూర్చున్నాడు.

"చచ్చినట్టు పడుండు," అన్నాడు కాలితో. అక్కణ్ణుంచి కారు హాయిగా సాగింది.

ఇంటిముందు బాగా ఏటవాలు. తిరిగొచ్చి అక్కడ ఆపి, పార్కింగ్ కోసం గేరు పీలో పెట్టి, బ్రేకు వదిలాడు. కారు జానెడు వెనక్కి జారి ఠక్కుమని ఆగింది. ముందు హ్యాండ్ బ్రేకు వేయకపోతే అది అలా ఓ కుదుపు కుదిపే ఆగుతుంది. కూతురు ఆ మాట చెప్పేలోపే పెద్దాయన కిందికి దూకాడు. గోడవార ఉన్న ఇటుక అందుకుని వెనక చక్రం దగ్గరికి పరిగెత్తబోయాడు. తిమ్మిరెక్కిన కాలు మడతపడింది. ఇటుకను కావలించుకుని చక్రం వెనకే బొక్కబోర్లా పడ్డాడు.

కారు ఎక్కడిదక్కడే ఉంది.

గేటు దగ్గర నిలబడ్డ అల్లుడు పరుగెత్తుకొచ్చాడు. "దెబ్బ తగిలిందా మామయ్యా?"

"నా సంగతి తర్వాత! ముందు దాన్ని దింపు. బండి జారితే ఆ కట్టుకాలితో దూకలేదు!"

కూతురికి నవ్వాగలేదు. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. మామగారిని లేవదీసి దుమ్ము దులిపి, అల్లుడు జేబులోంచి ఫోను తీశాడు.

"ఎవరికి?" అంది భార్య.

"డ్రైవరుకి. రేపట్నుంచి రమ్మందామని."

"వద్దని చెప్పండి. నాకోసం చక్రం కింద పడుకునే డ్రైవరు ఇంకెక్కడ దొరుకుతాడు?"