స్టిక్కరు అంటించిన గొట్టం

ఆమె ఏడేళ్లుగా పింగాణీ గొట్టాలు కాలుస్తోంది. గొట్టంలోకి ఫ్యాక్టరీ గ్యాసు పంపితే, గోడలోని కంటికి కనపడని సందుల్లోంచి హైడ్రోజన్ ఒక్కటే బయటికి రావాలి, మిగతావన్నీ లోపలే పడుండాలి. అరవై రెండు గొట్టాలు అడ్డూ అదుపూ లేకుండా అన్నిటినీ వదిలేశాయి. అరవై మూడోది మాత్రం చెప్పిన మాట విన్నది. ల్యాబు ఉంచాలా వద్దా అని తేల్చడానికొచ్చే కమిటీ ముందు కూడా వింటే ల్యాబు నిలుస్తుంది. లేదంటే ల్యాబు మూసేసి, ఆమెను బాత్రూం టైల్సు లెక్కపెట్టే పనిలో వేస్తారు.

ఆమె భర్తది అదే ల్యాబులో స్టోరు కీపరు ఉద్యోగం. నంబరు స్టిక్కరు అంటించనిదే మనిషికి నిద్రపట్టదు. ఇంట్లో కుక్కరుకూ నంబరే, తలగడకూ నంబరే. కన్నతల్లి చేతికర్రకైతే రెండు, మొదటిది అరిగిపోయింది కాబట్టి.

కమిటీ వచ్చే రోజు పొద్దున, తెల్లటి గొట్టం నడుమ అతను తొలి పరీక్షకు ముందే అంటించిన పసుపు స్టిక్కరు చూసి ఆమెకు ఒళ్లు మండింది. నీళ్లలో నానబెట్టి గోటితో గీకేసింది. అతను ముఖం మాడ్చుకుని, నంబరు లేని వస్తువు స్టోరు దాటకూడదని గొణిగాడు. ఆమె వినిపించుకోలేదు.

కమిటీ ఎదుట గొట్టం అన్ని గ్యాసులనూ వరసబెట్టి సాగనంపింది. ఆమె గొట్టాన్ని బకెట్లో ముంచి గాలి ఊదితే, సరిగ్గా పొద్దున స్టిక్కరు గీకేసిన చోటునుంచే బుడగలు. అతను గొట్టం తుడిచి, జేబులోంచి కొత్త స్టిక్కరు తీసి అంటించి, బొటనవేలితో రుద్దాడు. మళ్లీ గ్యాసు పంపగానే అక్కర్లేని గ్యాసుల మీటరు ముల్లు సున్నా మీద కూర్చుంది.

ఛైర్మన్ మురిసిపోయాడు. ల్యాబు కొనసాగుతుందనీ, ఇకమీదట ప్రతి గొట్టానికీ ఈ చివరనుంచి ఆ చివరదాకా స్టిక్కర్లు అంటించాలనీ అక్కడికక్కడే రాయించాడు. అలాగైతే హైడ్రోజన్ కూడా రాదని ఆమె మొత్తుకుంది. మరీ మంచిది, ఏదీ తప్పించుకోదన్నమాట, అని ఆయన ఆమె చెయ్యి పట్టుకుని ఊపాడు.

ఇంటికొచ్చాక అడిగింది. "చిల్లుందని మీకు ముందే తెలుసా?"

అతను చెప్పులు విప్పుతూ నసిగాడు. "చిల్లున్నది పారెయ్యాలని రూలు. అరవై రెండోది పోయినప్పుడు నువ్వు మూడ్రోజులు ముద్ద ముట్టలేదు. స్టిక్కరు ఎక్కడ అంటించాలో మాత్రం రూల్లో లేదు."

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. గోటికింద ఇంకా పసుపు కాగితం తునక ఉంది.

"అరవై నాలుగోది చిల్లు లేకుండా కాలుస్తా," అంది. "అయినా ఒక స్టిక్కరు అట్టేపెట్టండి."