బసవపున్నారావు తోటకి మంజూరైన దెయ్యం

ఎనభై ఆరులో, మాఘమాసం వెళుతుండగా, నూజివీడు గ్రంథాలయం నోటీసు బోర్డు మీద ఒక తెల్ల కాగితం వెలిసింది. ఎర్ర సిరాతో, ప్రతి అక్షరం కిందా నెత్తురు బొట్లు కారుతున్నట్టు అలంకారం చేసి, పాండురంగారావుగారు స్వహస్తాలతో రాశారు: "త్వరలో వెలువడుతోంది! నూజివీడు దెయ్యాలు. పన్నెండు భయానక కథలు. గుండెజబ్బు ఉన్నవారు దూరంగా ఉండవలెనని మనవి." కింద వరసగా పన్నెండు కథల పేర్లు.

పాండురంగారావుగారు కాలేజీలో ఇరవై ఎనిమిదేళ్ళు వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. భార్య పోయాక సాయంత్రాలు మరీ పొడుగైపోవడంతో దెయ్యాల కథలు మొదలుపెట్టారు. వారపత్రికలో రెండు అచ్చయ్యాయి. ఆ రెండూ చదివినవాళ్ళు ఊళ్ళో ఐదారుగురు ఉంటారేమో. రాబోయే పుస్తకం మీద గట్టి అభిప్రాయాలున్నవాళ్ళు మాత్రం ఐదారువందల మందికి తక్కువ లేరు.

ఎదురుచూడటమంటే అలా ఎదురుచూడాలి. పుట్టి బుద్ధెరిగాక పంచాంగం తప్ప మరో పుస్తకం కొనని కిరాణా షావుకార్లు కూడా గ్రంథాలయం గుమ్మంలోకి తొంగిచూసి, "వచ్చిందాండీ?" అని అడిగి పోయేవారు. మొదటి కథ అదిరిపోయిందని ఒకరు, ఆఖరి కథ తేలిపోయిందని మరొకరు టీ కొట్టు దగ్గర చొక్కాలు పట్టుకునేదాకా వెళ్ళారు. ఆ మొదటి కథా, ఆ ఆఖరి కథా పాండురంగారావుగారు ఇంకా రాయలేదు. పేర్లు ముందు ప్రకటించి కథలు తీరిగ్గా రాసుకోవడం ఆయన పద్ధతి. ఇందులో ఊరివాళ్ళకి తప్పేమీ కనిపించలేదు. పూత చూసి, కాయ పుట్టకముందే తోటంతా బేరమాడేసుకునే ఊరు అది.

ఆ పుస్తకంతో నిజంగా అవసరం పడింది మాత్రం బసవపున్నారావుకి.

ఆయనకి విస్సన్నపేట రోడ్డు మీద ఎనిమిదెకరాల మామిడితోట ఉంది. ఏటా పూత మీదే వ్యాపారులకి ఇచ్చేసేవాడు. ఈ ఏడు మాత్రం ఇవ్వనని, కాయ కోయించి తానే మార్కెట్టుకి తోలుకుంటానని పంతం పట్టాడు. భార్య నాగేంద్రమ్మ అడ్డు చెప్పలేదు. ఒకే ఒక్క షరతు పెట్టింది.

"ఈ ఏడు గనక పంట పాడైందో, వచ్చే ఏటినించీ తోట మా తమ్ముడికి అప్పజెప్పేయండి. ఉంగుటూరులో ఊరికే కూర్చున్నాడు పాపం. వాడి తెలివితేటలకి సరైన పని దొరకట్లేదు."

బావమరిది శ్రీమన్నారాయణ తెలివితేటలు తన తోట మీద పడతాయన్న తలపుకే బసవపున్నారావుకి నిద్ర పట్టడం మానేసింది. దానికి తోడు దొంగల బెడద ఒకటి. వ్యాపారులకి ఇవ్వకుండా ఇంటికని అట్టిపెట్టుకున్న, మోటారు షెడ్డు పక్క వరసలోని పెద్ద రసాలు ఐదేళ్ళుగా ఏటా కోతకి ముందే మాయమవుతున్నాయి. రాత్రుళ్ళు కాపలా మనిషిని పెట్టాడు. కుక్కని కట్టేశాడు. కాపలా మనిషికి నిద్ర పట్టింది, కుక్కకి ఒళ్ళు పట్టింది, కాయలు మాత్రం పోతూనే ఉన్నాయి.

అందుకని ఒకరోజు కాస్త మామిడితాండ్ర పొట్లం కట్టించుకుని పాండురంగారావుగారింటికి వెళ్ళాడు.

"రండి రండి, బసవపున్నారావుగారూ! మీకు సాహిత్యం మీద ఇంత అభిమానం ఉందని తెలీదండీ."

"సాహిత్యం సంగతి నాకెందుకండీ మాస్టారూ. నాకో దెయ్యం కావాలి."

పాండురంగారావుగారు కళ్ళజోడు సవరించుకున్నారు. "ఎక్కడ వేయమంటారు?"

"మా తోటలోనండీ. మోటారు షెడ్డు పక్క వరసలో. నా పేరు పెట్టి మరీ రాయండి. చదివినవాడు మళ్ళీ ఆ ఛాయలకి రాకూడదు."

"ఆడదా, మగదా?"

"కాపలా ఏది బాగా కాస్తుందో దాన్నే వేయండి. జీతం లేదు, బత్తెం లేదు, నిద్రపోదు. ఇంతకన్నా ఏం కావాలండీ?"

మర్నాటికి కాగితం మీద పదమూడో పేరు చేరింది: "బసవపున్నారావు తోటలో, మోటారు షెడ్డు పక్కన..." కథ లేకపోయినా ఆ మూడు చుక్కలూ చేయవలసిన పనంతా చేశాయి.

పుస్తకం ఉగాదికన్నారు. శ్రీరామనవమికన్నారు. పిల్లల పరీక్షలు అయిపోనివ్వండి అన్నారు. పుస్తకం వెనక్కి జరిగినకొద్దీ దెయ్యం ఏపుగా పెరిగింది. ఉగాదినాటికి దానికి జుట్టు విరబోసుకోవడం ఒక్కటే వచ్చు. నవమి పందిళ్ళలో పానకం తాగుతూ ఎవరో దాని పాదాలు వెనక్కి తిప్పారు. వైశాఖం వచ్చేసరికి అది విస్సన్నపేట బస్సుని ఆపి టికెట్టు తీసుకుంటోంది. బసవపున్నారావు ఇవన్నీ వింటూ లోలోపల మురిసిపోయాడు. ఆ వరసలో ఇంకా ఒక్క కాయ పోలేదు. పచ్చికాయని ఏ దొంగా ముట్టడన్న సంగతి ఆ సంబరంలో ఆయనకి తట్టలేదు.

రసాలు కోతకొచ్చాయి. కోతగాళ్ళ మేస్త్రీ సువర్ణరాజు ఎనిమిది మందిని వెంటబెట్టుకుని, చిక్కం కట్టిన గడకర్రలు భుజాన వేసుకుని వచ్చాడు. వచ్చి రోడ్డు మీదే ఆగిపోయాడు.

"లోపలికి రారేంటయ్యా?"

"పుస్తకం వచ్చిందాండీ?"

"పుస్తకంతో నీకేం పని?"

"అది చెట్టెక్కినోణ్ణి పట్టుకుంటదో, తోట ఆసామీని పట్టుకుంటదో తెలియాలి కదండీ. ఆసామీనే అయితే మాకేం అభ్యంతరం లేదండి. ఇప్పుడే ఎక్కేస్తాం."

ఎంత చెప్పినా వాళ్ళు గట్టు దాటలేదు. బసవపున్నారావు పరుగున పాండురంగారావుగారి దగ్గరికి పోయాడు.

"మాస్టారూ, మీకు దణ్ణం పెడతాను. దెయ్యం కోతగాళ్ళ జోలికి పోదని ఒక్క ముక్క రాసి ఇవ్వండి."

"ఆ కథే కుదరట్లేదండీ," అన్నారాయన దిగులుగా. "ఆ మాటకొస్తే మిగతా పన్నెండూ కుదరట్లేదు."

చేసేది లేక ఆయన్నే రిక్షా ఎక్కించి తోటకి తీసుకొచ్చాడు. పాండురంగారావుగారు గొడుగు వేసుకుని గట్టు మీద నిలబడి, క్లాసులో చెప్పినట్టు విడమరిచి చెప్పారు. దెయ్యం లేదు, కథ లేదు, ఉన్నది పేరొక్కటే అన్నారు. సువర్ణరాజు చేతులు కట్టుకుని ఎంతో మర్యాదగా విన్నాడు.

"అయితే మాస్టారూ, ఆ షెడ్డు దాకా ఒక్కసారి నడిచి రండి. మీ వెనకే మేమూ వస్తాం."

పాండురంగారావుగారు షెడ్డు వైపు చూశారు. చెట్ల కింద నీడ చిక్కగా ఉంది. ఎందుకో తలుపు కిర్రుమంది.

"ఎండ ఎక్కువగా ఉందండీ," అని రిక్షా ఎక్కారు.

దాంతో దెయ్యానికి రచయిత సంతకం కూడా పడిపోయినట్టయింది.

నాలుగు రోజులు గడిచాయి. కాయ రాలడం మొదలైంది. చదువు సంధ్యలు లేని చిలకలు మాత్రం నిర్భయంగా తిన్నన్ని తింటున్నాయి. సువర్ణరాజు రోజూ వచ్చి, రోడ్డు వారన రాలినవి ఏరి బుట్టలో సర్ది, నాగేంద్రమ్మ గుమ్మం ముందు పెట్టి పోయేవాడు. కూలి అడగలేదు. ఆ కష్టంలో బసవపున్నారావుకి దక్కిన ఊరట అదొక్కటే. నాగేంద్రమ్మ మాత్రం ఉంగుటూరు కబురు పంపింది.

ఐదో రోజు మధ్యాహ్నం, ఊరంతా భోంచేసి కునుకు తీసే వేళ, రాలే కాయల చప్పుడు చెవుల్లో మోగుతుంటే నిద్ర పట్టక బసవపున్నారావు తోటకి నడిచాడు. షెడ్డు పక్క వరసలో ఎవరో గడకర్రతో కాయలు దించుతున్నారు. ఆయన గబుక్కున పాదాల వంక చూశాడు. ముందుకే ఉన్నాయి. పైగా కొత్త చెప్పులు.

"నువ్వా, శ్రీమన్నారాయణా!"

బావమరిది ఉలిక్కిపడ్డాడు గాని కాయ జారనివ్వలేదు. అందులో సిద్ధహస్తుడు. పక్కనే వరిగడ్డి పరిచిన బుట్ట సగం నిండి ఉంది.

"అక్క కబురు పెడితే వచ్చాను బావా. ఇంటికెళ్ళే ముందు ఇటు ఓసారి చూసి పోదామని..."

"ఊరు ఊరంతా హడలిపోతుంటే నీకు భయం వేయలేదా?"

"ఎక్కడి దెయ్యం బావా! ఐదేళ్ళ బట్టి ఈ టైముకి ఈ వరసలోనే తిరుగుతున్నాను. ఒక్కసారి కనపడితే ఒట్టు!"

అనేశాక ఆ మాట తన చెవికి కూడా వినపడింది. గడకర్ర మెల్లిగా కిందకి దిగింది.

బసవపున్నారావుకి ముందు కోపం వచ్చింది. ఐదేళ్ళు రాత్రి కాపలాకి మేపిన కుక్క గుర్తొచ్చింది. చేయి కూడా లేచింది. అంతలో వెనక రెండు కాయలు టప్పుమని రాలాయి. లేచిన చేయి బావమరిది భుజం మీద వాలింది.

"ఈ మాటే సువర్ణరాజు ముందు చెప్పు."

"ఏ మాట?"

"ఐదేళ్ళ మాట. అక్షరం మార్చావో, మీ అక్కకి నేను వేరేగా చెబుతాను."

సాయంత్రం ఎండ తగ్గాక గట్టు మీద అందరూ చేరారు. శ్రీమన్నారాయణ నేల చూపులు చూస్తూ సాక్ష్యం చెప్పాడు. సువర్ణరాజు ఆయన్నీ, గడకర్రనీ, వరిగడ్డి బుట్టనీ ఒకదాని తరువాత ఒకటి చూశాడు.

"ఐదేళ్ళాండీ?"

"ఐదేళ్ళు."

"మధ్యాహ్నాలేనాండీ?"

శ్రీమన్నారాయణ తలూపాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వకుండా ఉండటానికి ఇద్దరు అటు తిరిగి దగ్గారు. సువర్ణరాజు తువ్వాలు తలకి చుట్టాడు.

"ఐదేళ్ళు ఈయన్నే ఏమీ అనకుండా వదిలేసిందంటే, ఇక మనల్నేం చేస్తదిరా. పదండి."

మజ్జిగ కుండతో అప్పుడే వచ్చిన నాగేంద్రమ్మకి ఆ చివరి మాటలే వినిపించాయి. ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి.

"చూశారా! ఐదేళ్ళుగా ఎండనక, వాననక మన తోటకి కాపలా కాస్తున్నాడు మా తమ్ముడు. ఒక్కనాడైనా నోరు తెరిచి చెప్పుకున్నాడా?"

తోటలో మనుషులందరూ బసవపున్నారావు మొహం వంక చూశారు. ఆయన చెట్ల వంక చూశాడు. సువర్ణరాజు మనుషులు అప్పుడే ఎక్కేస్తున్నారు. రేపటికి సగం కాయ, ఎల్లుండికి తోటంతా దిగుతుంది.

"లేదే," అన్నాడు. "చెప్పుకునే రకం కాదు. కాస్త మజ్జిగ పొయ్యి. చిటారు కొమ్మలన్నీ మీవాడికే వదిలేశాం, కాయ జారనివ్వడు."

శ్రీమన్నారాయణ మజ్జిగ తాగి, కొత్త చెప్పులు విప్పి, చెట్టెక్కాడు.