పాత ల్యాన్ కార్డుకు పచ్చ దీపం

మా వెనకగదిలో ఎండుమిర్చి ఉండాలా, పాత సిస్టంలు ఉండాలా అనే తగువు చలికాలం నుంచీ నడుస్తోంది. నేను కారం పట్టించి అమ్ముతాను. పర్చూరులో మా కారం వెళ్ళని వీధి లేదు, కావాలంటే ఎవరినైనా అడగండి. మా ఆయన శ్రీకృష్ణ గారు పాత ల్యాన్ కార్డులు తెప్పిస్తారు. వాటిని మాత్రం ఎవరూ అడగరు.

ల్యాన్ కార్డంటే తెలియనివాళ్ళకి చెబుతాను. అరచేతంత పచ్చటి పలక. కింద పళ్ళ వరస, ఒక చివర వైరు గుచ్చే నోరు. ఇప్పటి సిస్టంలలో అది లోపలే కలిసి వస్తుంది. పాతవాటిలో మనమే మూత విప్పి స్లాటులో గుచ్చాలి. గుచ్చితే ఒక సిస్టం ఇంకో సిస్టంతో మాట్లాడుతుంది. లేకపోతే రెండూ మూగవే.

మా వెనకగదిలో ఉన్న రెండు సిస్టంలూ మామూలువి కావు, ఆ మాట ఒప్పుకోవాలి. చీరాలలో నేను కంప్యూటర్ నేర్చుకున్న ఇన్‌స్టిట్యూట్‌లోవి. అక్కడ ఆయన సారు, నేను స్టూడెంటుని. ఒకరోజు నా స్క్రీను మీద చిన్న డబ్బా ఒకటి లేచింది. అందులో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు మాట, టిఫిన్ తిన్నారా అని. తలెత్తి చూస్తే సారు తన సిస్టం వెనక మొహం దాచుకున్నారు. తిన్నాను సార్ అని కొట్టాను. మా సంబంధం ఎవరు కుదిర్చారని అడిగితే ఇప్పటికీ మా ఇద్దరికీ నవ్వొస్తుంది.

ఆ ఇన్‌స్టిట్యూట్ మూసేసినప్పుడు ఆయన ఈ రెంటినీ తెచ్చుకున్నారు. తర్వాత ఇక్కడ సొంతంగా నెట్ సెంటర్ పెట్టారు. అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చాక అదీ నీరసించి, నిరుడు షట్టర్ దించేశాం. అప్పటినుంచి ఆయన మాట తగ్గిపోయింది. అన్నం పెట్టనా అంటే ఊఁ, వద్దా అంటే ఊఁ. నాకు భయం వేసింది. పైకి మాత్రం కోప్పడ్డాను, నాకు వచ్చిన విద్య అదొక్కటే.

అలాంటి మనిషి ఒక పొద్దున వెనకగది మూలన పడున్న ఆ సిస్టంల దుమ్ము దులిపి బల్లల మీదకెక్కించారు. మళ్ళీ రెంటినీ మాట్లాడిస్తానన్నారు. మొదటి సిస్టం కార్డు గుచ్చగానే గుర్తుపట్టింది. రెండోది పట్టలేదు.

"కార్డు కనపడటం లేదంటోంది జ్యోతీ," అన్నారు.

బెజవాడలో ఎవరినో పట్టుకుని ఇంకో కార్డు తెప్పించారు. తర్వాత కొరియర్‌లో మరొకటి. ఏ కార్డయినా మొదటిదాంట్లో చక్కగా పనిచేసేది, రెండోదాంట్లో గుచ్చితే చచ్చిపోయేది. రెండోదాంట్లో ఆ రకం కార్డు పట్టే ఖాళీ స్లాటు ఒక్కటే ఉందట. కొరియర్ కుర్రాడు గేటు తీసినప్పుడల్లా ఆయన మొహం వెలిగేది, సాయంత్రానికి ఆరిపోయేది. అది చూడలేకే నేను గడువు పెట్టాను.

"శనివారం కాయలొస్తాయి. ఈలోగా అవి మాట్లాడాయా, ఉంటాయి. లేదా, చెంచయ్య బండెక్కుతాయి."

చెంచయ్య మా వీధిలో పాత సామాన్లు కొనే మనిషి. మా ఆయన గడువుకు సరేనన్నారు. నాతో పోట్లాడి ఉంటే ఎంత బాగుండేదో.

శనివారం పొద్దున్నే మిర్చి టిక్కీలు, అదే కాయలు కుక్కిన గోనె బస్తాలు, వరండాలో దిగాయి. మోసుకొచ్చినవాళ్ళు అక్కడే పడేసి వెళ్ళిపోయారు. చెంచయ్య కూడా చెప్పిన వేళకే వచ్చి గేటు దగ్గర బండి ఆపాడు. ఆయన స్క్రూడ్రైవర్ పట్టుకుని, "ఒక్కసారి చూస్తాను, ఇదే ఆఖరు," అన్నారు. కార్డు పీకి చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పుతున్నారు. నేను కాయలు పోయడానికి పట్టా పరుద్దామని వెళ్ళి, మూత విప్పిన రెండో సిస్టం మీదుగా వంగాను. ముక్కు చుర్రుమంది. తుమ్మాను. మళ్ళీ తుమ్మాను.

టిక్కీ ఇంకా విప్పనేలేదు. మరి ఈ ఘాటు ఎక్కడిది?

ఫోన్ లైటు వేసి స్లాటులోకి చూశాను. ఇరుకు గాడి అడుగున, పళ్ళ మధ్య అతుక్కుని పసుపుపచ్చగా ఒక మిరపగింజ. నిరుడు ఇవి మూతల్లేకుండా మూలన పడుంటే, వాటి పక్కనే పీట వేసుకుని నేను తొడిమలు తీశాను. గాజులకున్న పిన్నీసు తీసి గింజను పైకి లాగి ఆయన అరచేతిలో పెట్టాను.

ఆయన గింజను చూశారు, నన్ను చూశారు, వరండాలో టిక్కీలను చూశారు.

"కార్డుల మీద కార్డులు తెప్పించానే," అన్నారు.

"మిరపకాయల సంగతి నన్నడగాలి గానీ బెజవాడ వాళ్ళనడిగితే ఏం తెలుస్తుంది?"

ఆయన స్లాటు తుడిచి కార్డు గుచ్చారు. ఈసారి టక్కుమని దిగింది. సిస్టం వేసి, వైరు కలిపి, ఏవో అంకెలు కొట్టారు. కార్డు వెనక పచ్చ దీపం వెలిగింది. నాకు కళ్ళు తడిశాయి, ఘాటుకే అనుకోండి.

"నువ్వు అక్కడ కూర్చో," అని నన్ను మొదటి సిస్టం ముందు కూర్చోబెట్టి, ఆయన రెండోదాని ముందు కూర్చున్నారు. ఆ గోడకు ఆయన, ఈ గోడకు నేను. నా స్క్రీను మీద చిన్న డబ్బా లేచింది.

టిఫిన్ తిన్నారా?

గేటు దగ్గర నుంచి చెంచయ్య కేకేశాడు. "అమ్మా, సామాను బండెక్కించమంటారా?"

ఆయన వెనక్కి తిరగలేదు. వేళ్ళు కీబోర్డు మీదే ఆగిపోయాయి. నేను పెట్టిన షరతులో తను గెలిచినట్టు ఆయనకింకా నమ్మకం కుదరలేదు. నోటితో చెబితే వినిపించే దూరమే. అయినా ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాను.

తినలేదు సార్. చెంచయ్యను పంపించి రండి, కలిసి తిందాం. టిక్కీలు హాల్లో ఉంటాయి.

ఆయన అది చదివి, మళ్ళీ చదివి లేచారు. వరండాలోంచి ఆయన గొంతు వినిపించింది. ఏడాదిగా ఆయన అంత పెద్ద గొంతుతో, అంత పొడుగు మాట మాట్లాడగా నేను వినలేదు.

"చెంచయ్యా, సామాను లేదు గానీ వచ్చి ఈ టిక్కీకి ఓ చెయ్యెయ్యి. హాల్లో పెట్టేద్దాం. ఆ తర్వాత కాళ్ళు కడుక్కో, నువ్వూ మాతో టిఫిన్ చేసి వెళ్దువుగాని."